ద్రాక్ష కొమ్మల మీద బూడిదరంగు బొడిపెలు: మందు కొనే ముందు గోటితో గీకి చూడండి

ప్రశ్న: మాది మేడ్చల్ జిల్లా. రెండున్నర ఎకరాల్లో థామ్సన్ సీడ్‌లెస్ తోట ఉంది, పందిరి పద్ధతి. డాగ్‌రిడ్జ్ అనే వేరు మొక్క మీద కట్టిన అంట్లు, నాటి పదకొండేళ్లయింది. రెండేళ్లుగా మొదళ్ల మీద, పెద్ద కొమ్మల మీద బూడిదరంగు బొడిపెలు కనబడుతున్నాయి. ఈ ఏడు మరీ దట్టంగా పట్టాయి. కొన్ని కొమ్మలు కొసల నుంచి ఎండుకొస్తున్నాయి. కోతప్పుడు కొన్ని గుత్తుల్లో తెల్లటి పిండి ఉందని వ్యాపారి ధర తగ్గించాడు. షాపులో అడిగితే పిండినల్లి అన్నారు. వాళ్లు చెప్పినట్టే ఇమిడాక్లోప్రిడ్ చెట్ల మొదళ్ల దగ్గర పోశాం, తర్వాత లాంబ్డా సైహలోత్రిన్ రెండుసార్లు కొట్టాం. బొడిపె ఒక్కటి కూడా రాలలేదు. ఇంకో పది రోజుల్లో వేసవి కత్తిరింపు పెట్టుకున్నాం. ఇంట్లో వాళ్లు తోట తీసేద్దామంటున్నారు. ఒకటే టెన్షన్‌గా ఉంది. ఏ మందు కొట్టమంటారు? ఫోటోలు పంపుతున్నాను.
– ఒక ద్రాక్ష రైతు

సమాధానం:

మీ తోటలో ఉన్నది ఒక పురుగు కాదు, రెండు. గుత్తుల్లో కనిపించిన తెల్ల పిండి పిండినల్లిది. కొమ్మల మీది బూడిదరంగు బొడిపెలు పొలుసు పురుగువి. రెండూ దగ్గరి చుట్టాలే. కానీ తినే తీరు వేరు, దాక్కునే తీరు వేరు, లొంగే మందు వేరు. షాపులో మీకు ఇచ్చింది మొదటి దానికి పనికొచ్చే మందు. రెండో దాని మీద అది పని చేయదు, ఎందుకు చేయదో కింద చెబుతాను.

తోట తీసేయాల్సినంత నష్టం ఈ ఫోటోల్లో లేదు. పైగా మీరు సరైన సమయానికి రాశారు. కాయ దిగిపోయింది, కత్తిరింపు ముందుంది. ఏడాది మొత్తంలో ఈ పురుగు మీద మనకు పైచేయి దొరికేది ఈ రెండు మూడు వారాల్లోనే. ఇప్పుడు చేయాల్సిన పనిలో మందు పాత్ర తక్కువ, చేతిపని ఎక్కువ. అది ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మందు పేరు ఒక్కటి చెబితే చాలనుకుని ఉత్తరం రాసేవాళ్లే ఎక్కువ.

ముందు మీరు ఒక పని చేయండి. బొడిపెలు బాగా పట్టిన కొమ్మ దగ్గరకు వెళ్లి, ఒక బొడిపె అంచు కింద గోరు గానీ గుండుసూది గానీ పెట్టి మెల్లగా పైకి లేపండి. పైన ఉన్నది గుండ్రటి చిప్ప, రెండు మిల్లీమీటర్లకు మించదు. నడిమికి కాస్త పక్కగా ఒక చుక్క ఉంటుంది. అది పురుగు చిన్నప్పుడు విడిచిన చర్మం. ఆ చర్మాలను, తన ఒంటి మైనాన్ని కలిపి పురుగు ఆ చిప్పను కట్టుకుంటుంది. చిప్ప విడిగా లేచి వచ్చి, కింద కాళ్లు లేని పసుప్పచ్చటి మెత్తటి పురుగు కనబడితే, అది గట్టి చిప్ప పొలుసు పురుగు. మన ద్రాక్ష తోటల్లో ఎక్కువగా చెప్పుకునేది లటానియా పొలుసు పురుగు. మీ ఫోటోల్లోనివి కూడా అలాగే ఉన్నాయి. అలా కాకుండా పురుగు, పెంకు కలిసి ఒకే ముద్దగా ఊడి వస్తే అది మెత్తటి పొలుసు పురుగు జాతి.

ఈ తేడా ఎందుకంత ముఖ్యమంటే, మెత్తటి పొలుసు పురుగూ పిండినల్లీ చెట్టు ఆకుల్లో తయారైన తీపి రసం ప్రవహించే నాళాల్లోకి సూది దింపి తాగుతాయి. ఆ రసంలో పంచదార ఎక్కువ. అరిగించుకోలేనిదంతా వెనక నుంచి జిగురుగా వదిలేస్తాయి. ఆ జిగురు కోసమే చీమలు వస్తాయి, ఆ జిగురు మీదే నల్లటి మసి తెగులు లేస్తుంది. గట్టి చిప్ప పురుగు అలా కాదు. అది నాళాల జోలికి పోకుండా, బెరడు కింది మెత్తటి కణాలను ఒక్కొక్కటిగా పొడిచి అందులోని రసం పీల్చుకుంటుంది. అందుకే దాని దగ్గర జిగురు ఉండదు, మసి ఉండదు. ఇమిడాక్లోప్రిడ్ వేరు దగ్గర పోస్తే నీటితో పాటు పైకెక్కి నాళాల రసం తాగే పురుగులకు అందుతుంది. బెరడు కణాల్లో తినే ఈ పురుగుకు మాత్రం చంపేటంత మోతాదు చేరదు. అంటే కొమ్మ మీద జిగురు లేకపోవడమూ, మీ మందు పని చేయకపోవడమూ రెండింటికీ కారణం ఒక్కటే. షాపుకు వెళ్లే ముందు కొమ్మ మీద వేలు పెట్టి జిగురు ఉందో లేదో చూసుకుని ఉంటే ఆ డబ్బు మిగిలేది. తప్పు మీది కాదు, ఈ తేడా చెప్పేవాళ్లే తక్కువ.

ఇక లాంబ్డా సంగతి. దాని వల్ల పని జరగకపోగా చెరుపు జరిగిందని నా గట్టి నమ్మకం. చిప్ప కింద కూర్చున్న తల్లి పురుగుకు పై నుంచి కొట్టిన మందు తగలదు. తగిలేది బయట తిరిగే అక్షింతల పురుగులకు, కంటికి కనబడనంత చిన్న పరాన్నజీవి కందిరీగలకు. మన ప్రాంతంలోనే పుట్టిన నల్లటి అక్షింతల పురుగు ఒకటుంది, కైలోకోరస్ నైగ్రిటా అంటారు. నున్నగా, గుండ్రంగా, మచ్చలు లేకుండా నల్లగా మెరుస్తూ ఉంటుంది. పొలుసు పురుగులే దాని తిండి. చెరకు రైతులు దీన్ని బాగా ఎరుగుదురు. సీషెల్స్ దీవుల్లో కొబ్బరి తోటలు పొలుసు పురుగులతో నాశనమవుతుంటే 1938లో మన దేశం నుంచే దీన్ని పట్టుకెళ్లి వదిలారు. అంత పనిమంతురాలిని మనం సొంత తోటలో మందు కొట్టి చంపుకుంటున్నాం. తెల్లారేసరికి పురుగులు కింద రాలి కనబడాలని వాడే ఘాటు మందుల తర్వాత పొలుసు పురుగు ఉధృతి పెరగడం అన్ని దేశాల్లోనూ చూసిన విషయమే.

మీరు రాసిన "ఒక్కటి కూడా రాలలేదు" అన్న మాట గురించి కూడా చెప్పాలి. చిప్ప రాలకపోతే పురుగు బతికే ఉందని అర్థం కాదు. చచ్చిన పురుగు చిప్ప కూడా బెరడుకు నెలల తరబడి అంటుకునే ఉంటుంది. అందుకే లెక్క చిప్పలతో కాదు, చిప్ప కింద ఉన్న దానితో చూడాలి. వేర్వేరు చెట్ల మీద కొన్ని చిప్పలు లేపి చూడండి. సూదితో నొక్కితే పసుప్పచ్చ తడి వస్తే బతికి ఉన్నట్టు. ఎండిపోయి పొట్టులా రాలితే చచ్చినట్టు. కొన్ని చిప్పల మీద సూదితో పొడిచినట్టు గుండ్రటి సన్నటి రంధ్రం ఉంటుంది. ఆ పురుగు కడుపులో పెరిగిన పరాన్నజీవి కందిరీగ బయటకు వచ్చిన దారి అది. అలాంటి రంధ్రాలు ఎక్కువగా ఉన్న చెట్టు కనిపిస్తే దాని జోలికి వెళ్లకండి, మందు అసలే కొట్టకండి. ఈ పనికి పదింతలు పెద్దది చేసి చూపించే చిన్న భూతద్దం ఒకటి కొనుక్కోండి. మందు డబ్బాతో పోలిస్తే దాని ధర ఎంతో తక్కువ, ఏళ్ల తరబడి పని చేస్తుంది.

ఇలా చూస్తూ పోతే తోటంతా ఒకే తీరుగా పట్టలేదని మీకే తెలుస్తుంది. మీ ఫోటోల్లో ఒక దాని వెనక మట్టి రోడ్డు కనబడుతోంది. ఆ వైపు వరసల్లో ఎక్కువగా ఉంటే ఆశ్చర్యపోకండి. ట్రాక్టర్లు లేపే దుమ్ము కొమ్మల మీద పడితే అక్షింతల పురుగులు, పరాన్నజీవులు అక్కడ సరిగా తిరగలేవు. అక్కడ పొలుసు పురుగుకు అడ్డు ఉండదు. రోడ్డు మీద అప్పుడప్పుడు నీళ్లు చల్లించడం, ఆ వైపు కంచె దట్టంగా పెంచడం కూడా పురుగు యాజమాన్యంలో భాగమే. అయితే కంచెకు మందార పెట్టకండి. పిండినల్లికి మందార అంటే ప్రాణం. బెండ, పత్తి, సీతాఫలం, మల్బరీ మీదా అది బతుకుతుంది. పట్టు రైతులు మల్బరీలో ఆకులు ముడుచుకుపోయే జబ్బును టుక్రా అంటారు, అది కూడా ఈ గులాబీ రంగు పిండినల్లి చేసే పనే.

బాగా పట్టిన చెట్లకు ఇప్పుడే ఎర్ర గుడ్డ పీలిక కట్టండి లేదా పెయింట్ చుక్క పెట్టండి. కత్తిరింపు రోజున కూలీలను ముందు శుభ్రంగా ఉన్న వరసల్లోకి పంపి, గుడ్డ కట్టిన చెట్లను చివర్లో చేయించండి. పొలుసు పురుగు తల్లి కదలలేదు. కదిలేది గుడ్డు నుంచి అప్పుడే వచ్చిన పిల్ల మాత్రమే. ఆ పిల్ల గాలికి, బట్టలకు, కత్తెరలకు, మోసుకెళ్లే కొమ్మలకు అంటుకుని పక్క చెట్టుకు చేరుతుంది. కాబట్టి కత్తిరించిన కొమ్మలను గట్టు మీద కుప్ప పోసి వదిలేయకూడదు. పురుగు పట్టిన కొమ్మలను ఆ రోజే తోట బయటకు తీసి తగలబెట్టండి. ఎండిన కొసలను పచ్చి భాగం కనబడేదాకా కోసేయండి.

ఆ తర్వాతి పని బెరడు తీయడం. నన్నడిగితే ఈ మొత్తం సమాధానంలో అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇదే. థామ్సన్‌కు వయసు పెరిగే కొద్దీ మొదలు మీద, పెద్ద కొమ్మల మీద బెరడు పొరలు పొరలుగా లేచి వేలాడుతుంది. పిండినల్లి దాక్కునేది ఆ పొరల కిందే. గుడ్ల సంచులు పెట్టేది అక్కడే. ఒక్కో సంచిలో వందల గుడ్లు ఉంటాయి. పొలుసు పురుగు కూడా ఆ పొరల కింద, మందు తగలని చోట వరసలు కట్టి ఉంటుంది. చిగుళ్లు తినే పెంకు పురుగు గుడ్లు పెట్టేది కూడా ఆ బెరడు కిందే. పొర తీయకుండా మందు కొట్టడమంటే తలుపులు వేసిన ఇంటి మీద నీళ్లు చల్లడమే.

కత్తిరింపు అయిన రెండు మూడు రోజుల్లో, కొమ్మల మీది కళ్లు (చిగురు మొగ్గలు) పగలక ముందే ఈ పని పూర్తి కావాలి. చెట్టు కింద పాత పట్టా పరవండి. వదులుగా ఉన్న బెరడును చేత్తో లాగేసి, తర్వాత గోనె సంచి ముక్కతో మొదలు నుంచి పందిరి దాకా, పందిరి మీద పరిచిన పెద్ద కొమ్మల మీదా గట్టిగా రుద్దించండి. బొడిపెలు దట్టంగా ఉన్న చోట కొబ్బరిపీచు బ్రష్ వాడొచ్చు. కొడవలి, చాకు, ఇనుప బ్రష్ వద్దు. కింద పచ్చి బెరడుకు గాయమైతే శిలీంధ్రాలు చేరి ఇంకో ముప్పు వస్తుంది. పట్టా మీద పడిన పొట్టంతా మూటగట్టి తగలబెట్టాలి. అక్కడే దులిపేస్తే పిండినల్లి పిల్లలు మళ్లీ మొదలు పట్టుకుని ఎక్కుతాయి. దీనికి కూలీ ఖర్చు అవుతుంది, నాకు తెలుసు. గుడ్డ కట్టిన చెట్లకైనా తప్పకుండా చేయించండి. మిగతా వాటికి వచ్చే ఏడాది చేయించొచ్చు.

రుద్దిన తర్వాత కడగాలి. ఇప్పుడు మందు పేర్లకు వచ్చాం. మామూలు పిచికారీ కాదు, మొదలు, కొమ్మలు తడిసి కారేలా కడగడం. చెట్టుకు లీటరున్నర నుంచి రెండు లీటర్ల నీరు పట్టాలి. ఆకులు లేవు కాబట్టి మందు ప్రతి సందులోకీ చేరుతుంది. ఫిష్ ఆయిల్ రోసిన్ సోప్ (చేప నూనె సబ్బు) లీటరు నీటికి 25 గ్రాములు కలిపి వాడండి. ఇది విషంతో కాదు, చిప్ప అంచుల్లోకి జారి ఊపిరి ఆడకుండా చేసి చంపుతుంది. అందుకే బాగా తడవడమే ఇందులో కీలకం. మన ఏప్రిల్ ఎండల్లో నూనె, సబ్బు మందులు మధ్యాహ్నం కొట్టకూడదు. పొద్దున్నే ఎండెక్కక ముందు గానీ, సాయంత్రం గానీ కొట్టండి. పచ్చి చిగురు వచ్చాక ఈ మోతాదులో వాడితే మాడిపోతుంది. గంధకం మందు కొట్టిన రెండు మూడు వారాల లోపు నూనె మందు వద్దు, నూనె కొట్టాక అంతే ఎడం లేకుండా గంధకం వద్దు. బూడిద తెగులుకు గంధకం వాడే అలవాటు మనకు ఎక్కువ కాబట్టి ఇది డైరీలో రాసి పెట్టుకోండి.

పాత పుస్తకాల్లో, పాత కరపత్రాల్లో మొదలుకు మిథైల్ పరాథియాన్ పూయమనీ, సబ్బు మందులో డైక్లోరోవాస్ కలపమనీ ఉంటుంది. ఎవరైనా అనుభవజ్ఞులు మీకు అదే చెప్పొచ్చు. మిథైల్ పరాథియాన్‌ను మన దేశంలో 2018లో, డైక్లోరోవాస్‌ను 2020 చివరి నుంచి నిషేధించారు. ఎక్కడో పాత సరుకు దొరికినా ముట్టుకోకండి. బెరడు రుద్దే కూలీల చేతులకు, ముఖాలకు మొదట తగిలేది ఆ విషమే.

పిండినల్లి కోసం కత్తిరింపు తర్వాత బ్యుప్రోఫెజిన్ 25 ఎస్‌సీ (25 శాతం మందున్న ద్రవం) లీటరు నీటికి 1.25 మిల్లీలీటర్ల చొప్పున వాడొచ్చు. అయితే దాని తీరు తెలుసుకుని వాడాలి. అది పురుగును వెంటనే చంపదు. పిల్ల పురుగు పెరుగుతూ చర్మం విడిచేటప్పుడు కొత్త చర్మం కట్టుకోనివ్వదు, అప్పుడు చస్తుంది. పెద్ద పురుగు మీద దానికి పెద్దగా పట్టు లేదు. మర్నాడు వెళ్లి చూసి, పురుగు తిరుగుతోందని ఇంకో మందు కలిపి కొట్టకండి. వారం, పది రోజులు ఆగి చూడండి.

పిండినల్లి మాట వచ్చింది కాబట్టి చీమల సంగతి. మీ తోటలో మొదళ్ల మీద చీమల బారు కనిపిస్తే, దాని వెంట పైకి చూస్తూ వెళ్లండి. ఆ బారు ఆగే చోటే పిండినల్లి ఉంటుంది. వెతికే శ్రమ చీమలే తగ్గిస్తాయి. కానీ జిగురు ఇచ్చే పురుగును అవి కాపలా కాస్తాయి, అక్షింతల పురుగు వస్తే తరిమేస్తాయి, పరాన్నజీవి కందిరీగను గుడ్డు పెట్టనివ్వవు. చీమలు ఉన్నంత కాలం మిత్ర పురుగులు ఎన్ని వదిలినా లాభం తక్కువ. మొదలుకు మోకాలి ఎత్తున వెడల్పాటి ప్లాస్టిక్ టేపు చుట్టి, దాని మీద గ్రీజు గానీ జిగురు మందు గానీ పూయండి. గ్రీజు నేరుగా బెరడుకు పూయొద్దు. చాలామంది మొదళ్లకు పూసి పందిరి రాతి స్తంభాలను వదిలేస్తారు. చీమలు స్తంభం ఎక్కి, తీగ మీదుగా తోటంతా తిరుగుతాయి. స్తంభాలకు, పందిరిని బిగించి లాగిన తీగలకు కూడా కట్టు కట్టాలి. పొడుగ్గా పెరిగి కొమ్మను తాకుతున్న కలుపు కూడా చీమకు నిచ్చెనే. పుట్టలు ఎక్కడున్నాయో తెలియకపోతే లీటరు పంచదార పానకానికి 10 గ్రాములకు మించకుండా బోరిక్ పౌడర్ కలిపి, మూతకు రంధ్రాలు పెట్టిన చిన్న డబ్బాల్లో పోసి, పిల్లలకూ పశువులకూ అందని చోట మొదళ్ల దగ్గర పెట్టండి. ఎక్కువ కలిపితే త్వరగా చస్తాయనుకోకండి. త్వరగా చస్తే ఆ చీమ పుట్టకు చేరదు. తక్కువ మోతాదు అయితేనే పుట్టలో ఉన్న రాణి దాకా మోసుకెళ్తుంది.

కత్తిరింపు అయ్యి చిగుళ్లు వచ్చి, ఆకు ముదిరే మే, జూన్ నెలల్లో మీరు చేయాల్సింది పురుగును కనిపెట్టి చూడటం. పొలుసు పురుగు పిల్లలు చిప్ప కింద నుంచి బయటకు వచ్చి, తనకు నచ్చిన చోటు దొరికేదాకా నడుస్తాయి. ఒకసారి సూది దింపి కూర్చున్నాక మైనం కట్టడం మొదలవుతుంది, ఆ తర్వాత మన మందు అందదు. ఆ నడిచే దశ చాలా చిన్నది. చలి దేశాల్లో అయితే ఫలానా నెల అని చెప్పొచ్చు. మన వేడిలో తరాలు ఒకదాని మీద ఒకటి వస్తాయి కాబట్టి క్యాలెండర్‌ను నమ్ముకోకూడదు. గుడ్డ కట్టిన చెట్లలో కొన్నిటికి, బొడిపెలు ఉన్న చోటికి కాస్త పైనా కిందా, రెండు వైపులా జిగురు ఉండే సెల్లోటేపు ఒక చుట్టు చుట్టండి. వారానికోసారి తీసి తెల్ల కాగితం మీద అతికించి భూతద్దంతో చూడండి. సన్నటి పసుపు నలకల్లాంటివి అంటుకుని ఉంటాయి. అవే పిల్లలు. ఒక వారం ఏమీ లేక, మరుసటి వారం ఒక్కసారిగా పెరిగితే మందు కొట్టాల్సిన రోజు అదే. ఆ రోజున కొట్టిన ఒక్క పిచికారీ, తల్లులు చిప్పల కింద ఉన్నప్పుడు కొట్టిన నాలుగు పిచికారీల కంటే మేలు. అప్పుడు కూడా తోటంతా కాదు, గుడ్డ కట్టిన చెట్లకు, వాటి చుట్టు పక్కల చెట్లకు చాలు. వేప నూనె లీటరుకు 5 మిల్లీలీటర్లు, కొద్దిగా సబ్బు కలిపి చల్లటి పూట కొట్టి చూడండి. ఉధృతి ఎక్కువగా ఉండి రసాయన మందే వాడాల్సి వస్తే లేబుల్ మీద ద్రాక్ష పేరు ఉన్న మందే తీసుకోండి.

టేపులు పెట్టి నాలుగు వారాలు చూసేదాకా లాంబ్డా గానీ, ఆ జాతి మందులు (సింథటిక్ పైరెత్రాయిడ్లు) గానీ వాడనని మీరు మీకే మాట ఇచ్చుకోండి. నత్రజని కూడా తగ్గించండి. యూరియా ఎక్కువై గుబురుగా పెరిగిన పందిరి కింద గాలి ఆడదు, మెత్తటి చిగురులో పిండినల్లి బాగా పెరుగుతుంది.

వానాకాలంలో గాలిలో తేమ ఉన్నప్పుడు పిండినల్లి మీద లెకానిసిలియం లెకాని అనే శిలీంధ్రపు పొడి లీటరుకు 5 గ్రాములు కలిపి సాయంత్రం పూట కొట్టొచ్చు. పాత పేరు వర్టిసీలియం లెకాని, కొన్ని ప్యాకెట్ల మీద ఇంకా అదే ఉంటుంది. ఇది ప్రాణమున్న మందు. తెగుళ్ల మందులతో కలిపినా, ముందూ వెనకా దగ్గర దగ్గరగా కొట్టినా అది చస్తుంది. ఎండాకాలంలో కొట్టి పని చేయలేదనడం దానికి అన్యాయం.

అక్టోబర్ కత్తిరింపుకు బెరడు తీయడం ఇంకోసారి చేయించండి, ఈసారి పని సగమే ఉంటుంది. పిందె పడి కాయ ఊరే కాలంలో పిండినల్లి మొదళ్ల నుంచి గుత్తుల్లోకి ఎక్కుతుంది. జనవరి నుంచి మార్చి దాకా, సరిగ్గా మీరు కాయ అమ్ముకునే రోజుల్లో దాని జోరు. ఆ సమయానికి క్రిప్టోలేమస్ అక్షింతల పురుగులు తెప్పించుకోండి. ఆస్ట్రేలియా నుంచి 1898లోనే మన దేశానికి తెచ్చిన పురుగు ఇది. పిండినల్లి గుడ్ల సంచులనే మొత్తంగా తినేస్తుంది. హెక్టారుకు 5,000 పెద్ద పురుగులు అనేది సాధారణ సిఫారసు, అంటే మీ రెండున్నర ఎకరాలకు ఆ లెక్క సరిపోతుంది. పిండినల్లి కనబడటం మొదలైనప్పుడే, సాయంత్రం పూట, చీమల కట్లు కట్టిన చెట్ల మీద వదలాలి. వదలడానికి మూడు వారాల ముందు నుంచి, వదిలిన తర్వాత కూడా పురుగుమందు కొట్టకూడదు. బ్యుప్రోఫెజిన్ కూడా దాని పిల్లలకు మంచిది కాదు.

ఒక హెచ్చరిక. క్రిప్టోలేమస్ పిల్ల పురుగు ఒంటి నిండా తెల్లటి మైనపు కుచ్చులతో అచ్చం పిండినల్లిలా ఉంటుంది. పని చేసేవాళ్లు పెద్ద పిండినల్లి అనుకుని నలిపేస్తారు. తేడా ఇలా పట్టుకోవచ్చు: పిండినల్లిని పుల్లతో తాకితే ఉన్న చోటే ఉంటుంది, మహా అయితే నెమ్మదిగా కదులుతుంది. ఈ పిల్ల చురుగ్గా పరుగెడుతుంది, కుచ్చులు పొడుగ్గా, విడివిడిగా ఉంటాయి, సైజులో పిండినల్లి కంటే పెద్దది. కూలీలకు ఒకసారి చేతిలో పెట్టి చూపించండి, మళ్లీ మర్చిపోరు.

గుత్తిలో పిండి కనిపించాక చేయగలిగింది ఆ గుత్తిని కోసి సంచిలో వేసి బయటకు తీసుకెళ్లడమే. చెట్టు కింద పడేయకండి. దయచేసి ఆ దశలో మందు కొట్టి కాయను మార్కెట్‌కు పంపకండి. బాటసింగారం పండ్ల మార్కెట్లో దిగిన పండును సాయంత్రానికి ఎవరో ఒక తల్లి కొని, నీళ్లతో కడిగి పిల్లల చేతిలో పెడుతుంది. ద్రాక్షకు ఒలిచే తొక్క లేదు. మందు డబ్బా మీద కోతకు ముందు ఎన్ని రోజులు ఆగాలో రాసి ఉంటుంది, ఆ రోజులు దాటకుండా కోయకూడదు. ఎగుమతి తోటలకు ఈ గడువు ఇంకా ఎక్కువ. 2010లో మన ద్రాక్ష కంటెయినర్లు క్లోర్‌మెక్వాట్ అనే పెరుగుదల నియంత్రణ మందు అవశేషాల వల్ల యూరప్‌లో ఆగిపోయిన సంగతి ఎగుమతి రైతులెవరూ మర్చిపోలేదు. మన ఊళ్లో తినేవాళ్లకు మాత్రం తక్కువ జాగ్రత్త చాలని నేను అనుకోను.

ఇంకో మాట. ఒక ఎండిన కొమ్మ, ఒక బతికిన బొడిపెల కొమ్మ ముక్క, పిండి ఉన్న బెరడు పొర, మూడిటినీ వేర్వేరు కాగితపు కవర్లలో పెట్టి రాజేంద్రనగర్‌లోని ద్రాక్ష పరిశోధన స్థానానికి తీసుకెళ్లి చూపించండి. ప్లాస్టిక్ కవర్‌లో పెడితే దారిలోనే కుళ్లిపోతుంది. పురుగు జాతిని నిర్ధారించడానికి ఫోటో చాలదు, సూక్ష్మదర్శిని కింద చూడాలి. కొసల నుంచి ఎండటానికి పొలుసు పురుగు ఒక్కటే కారణమా, కొమ్మ ఎండు తెగులు కూడా తోడైందా అన్నది కూడా అక్కడ తేలుతుంది. కొమ్మను అడ్డంగా కోసినప్పుడు లోపల గోధుమరంగు మచ్చ గానీ, కోణంలా నల్లబడిన భాగం గానీ ఉంటే ఆ ముక్క తప్పకుండా పట్టుకెళ్లండి. కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కు ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు గానీ, ఈ విషయంలో ముక్క చూపించడమే మేలు.

చివరగా ఇంట్లో వాళ్ల ప్రశ్న. తోట తీయక్కర్లేదు. కానీ గుడ్డ కట్టిన చెట్లలో కొన్ని పందిరి మీద సగానికి పైగా ఎండిపోయి ఉంటే వాటిని పట్టుకుని వేలాడకండి. అలాంటి చెట్టును అంటు కట్టిన ముడికి పైన, జానెడు ఆరోగ్యమైన మొదలు మిగిలేలా కోసేయండి. కోత మీద బోర్డో పేస్ట్ (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూయండి. కింద నుంచి వచ్చే చిగుళ్లలో ముడికి పైన పుట్టిన బలమైన దాన్ని ఒక్కదాన్నే ఉంచి పైకి ఎక్కించండి. ముడికి కింద నుంచి వచ్చేది డాగ్‌రిడ్జ్ రెమ్మ, దాన్ని వచ్చినప్పుడల్లా గిల్లేయాలి. వేరు పాతదే కాబట్టి కొత్త మొదలు త్వరగా పందిరి అందుకుంటుంది. పూర్తిగా చచ్చిన చోట కొత్త మొక్క పెట్టాల్సి వస్తే, అంటుకు కావాల్సిన పుల్లలు మీ తోటలోంచి తీయకండి, పక్క తోటవాళ్లు అడిగినా ఈ రెండేళ్లు ఇవ్వకండి. నర్సరీ నుంచి తెచ్చిన మొక్కను కూడా కళ్ల దగ్గర, ముడి దగ్గర భూతద్దంతో చూశాకే గుంతలో పెట్టండి.